బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) తర్వాత వ్యాయామం మీద రీసెర్చ్‌కు వెళ్లాలని ఉంది, తిరుపతిలో ఉండి సాధ్యమేనా?

బంగారుపాళ్యం అమ్మాయి అడిగారు:

అందరికీ నమస్కారం. తిరుపతిలో బీపీటీ చదివాను, ఇప్పుడు ఇంటర్న్‌షిప్ నడుస్తోంది. ఊరు బంగారుపాళ్యం దగ్గర. నాయనకు తోతాపురి తోట ఉంది, అమ్మ ఆవుల్ని చూసుకుంటుంది.

కార్డియాక్ రిహాబ్ (గుండె పేషెంట్లను వ్యాయామంతో కోలుకునేలా చేసే విభాగం) పోస్టింగ్‌లో చూసిన ఒక విషయం నన్ను వదలడం లేదు. ఇద్దరు పేషెంట్లు, ఇద్దరికీ బైపాస్ అయింది, వయసు కూడా ఇంచుమించు ఒకటే. ఇద్దరితోనూ ఒకే రకం నడక, ఒకే రకం వ్యాయామాలు చేయించాం. చివర్లో ఆరు నిమిషాల నడక పరీక్ష పెడితే ఒకాయన మొదటిసారి కంటే చాలా ఎక్కువ దూరం నడిచాడు. ఇంకొకాయన మొదట ఎక్కడున్నాడో దాదాపు అక్కడే ఉన్నాడు. రెండో ఆయన ఒక్క రోజు కూడా మానలేదు. ఎందుకిట్లా అని అడిగితే "కొందరి శరీరం అంతేలేమ్మా" అన్నారు. నాకు ఆ జవాబు సరిపోలేదు. అప్పటినుంచి వ్యాయామం శరీరంలో ఏం చేస్తుంది, ఎవరికి ఎంత చేస్తుంది అన్నదాని మీదే పనిచేయాలని ఉంది.

ఇంట్లో మాత్రం చిత్తూరులో క్లినిక్ పెట్టుకో అంటున్నారు. లేదంటే మా మామ కూతురి లాగా పరీక్షలు రాసి ఆస్ట్రేలియా వెళ్లమంటున్నారు. రీసెర్చ్ అనగానే నాయన "ఎన్నేళ్లు, ఎంత జీతం" అని రెండే ప్రశ్నలు వేశాడు. రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ), పీహెచ్‌డీ చేస్తే ఈ లైన్‌లో నిలబడగలనా? నడక మంచిదని అందరికీ తెలిసిందే కదా, కొత్తగా కనుక్కోవడానికి ఇంకేం మిగిలింది అని ఫ్రెండ్స్ అంటున్నారు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

పలమనేరు ఫిజియో:

చెల్లెమ్మా, క్లినిక్ నడిపేవాడిగా నా మాట చెబుతాను. క్లినిక్ పెట్టగానే పేషెంట్లు రారు. రెండేళ్లు ఓపిక పట్టాలి. ఆ తర్వాత మాత్రం చేతిలో డబ్బు ఆడుతుంది, నడుము నొప్పులు, మోకాళ్ల నొప్పులతో వచ్చేవాళ్లు ఎప్పటికీ తగ్గరు కదా. ఎంపీటీ అయితే ఎట్లాగూ చేయండి, ఏ దారిలో పోయినా అది పనికొస్తుంది. పీహెచ్‌డీ సంగతి ఎంపీటీ రెండో ఏడాదిలో తేల్చుకోవచ్చు. ఇంట్లో అప్పులుంటే ముందు సంపాదన చూసుకోండి, తప్పేం లేదు.

పాకాల జంక్షన్:

నేను ఈ దారిలోనే వచ్చాను కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను. తిరుపతిలో బీపీటీ, పక్క రాష్ట్రంలో కార్డియో రెస్పిరేటరీ (గుండె, ఊపిరితిత్తుల) ఎంపీటీ, కొన్నాళ్లు ఒక ప్రాజెక్టులో ఫీల్డ్ పని, తర్వాత పీహెచ్‌డీ. ఇప్పుడు పాఠాలు చెబుతూ రీసెర్చ్ చేస్తున్నాను. మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ ఇద్దరు పేషెంట్ల సంగతి. ముందు దాని గురించి రాసి, జీతం సంగతికి తర్వాత వస్తాను.

ఆ తేడాను పెద్ద ఎత్తున చూసినవాళ్లు ఉన్నారు. క్లాడ్ బుషార్డ్ బృందం చేసిన హెరిటేజ్ ఫ్యామిలీ స్టడీ వెతికి చదవండి. అంతవరకు వ్యాయామం అలవాటు లేని కుటుంబాలను తీసుకుని, తల్లిదండ్రులతోనూ పిల్లలతోనూ 20 వారాలు ఒకే పద్ధతిలో సైకిల్ తొక్కించారు. శరీరం నిమిషానికి గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదన్న కొలత, అంటే వీఓటూ మ్యాక్స్, సగటున 400 మిల్లీలీటర్ల దాకా పెరిగింది. కానీ ఆ సగటు కింద కొందరికి దాదాపు ఏమీ పెరగలేదు, కొందరికి లీటరు దాటింది. ఒకే కుటుంబంలోని వాళ్ల ఫలితాలు ఒకరికొకరు దగ్గరగా ఉన్నాయని 1999లో అచ్చయిన పేపర్‌లో చూపించారు. కాబట్టి "కొందరి శరీరం అంతే" అన్న మాటలో కొంత నిజం ఉంది.

అయినా మీ రెండో పేషెంటుకు వ్యాయామం పనిచేయలేదని అప్పుడే తేల్చేయకండి. ముందు కొలత చూడండి. ఆరు నిమిషాల నడక పరీక్షకు 30 మీటర్ల కారిడార్ ఉండాలి. చోటు లేక సగం దూరంలో కోన్‌లు పెడితే ఎక్కువ సార్లు వెనక్కి తిరగాలి, తిరిగిన ప్రతిసారీ వేగం పడిపోతుంది. రెండోసారి నడిచేటప్పుడు అలవాటు వల్లే ఎవరైనా కొంచెం ఎక్కువ నడుస్తారు, అందుకే మొదట్లోనే రెండుసార్లు చేయించి మంచి దూరాన్ని తీసుకుంటారు. నిమిషం నిమిషానికి మనం పేషెంటుతో అనే మాట కూడా ముందే రాసిపెట్టుకున్న మాటే అయి ఉండాలి. ఒకరితో "బాగా నడుస్తున్నారు" అని ఊరుకుని, ఇంకొకరిని "ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా" అని తరిమితే ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టడానికి లేదు. మధ్యలో ఆయన బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) మోతాదు మారిందా? మోకాలు నొప్పి ఉందా? కేస్ షీట్ తీసి చూడండి.

నేను చదివేటప్పుడు మా కారిడార్‌లో పేషెంట్ల వెంట వచ్చినవాళ్లు గోడ వారగా కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పేవారు. నడిచే పేషెంటు వాళ్ల కాళ్లు తప్పించుకుంటూ పోవాల్సి వచ్చేది. అది చూశాకే టేపు పట్టుకుని నేల మీద గుర్తులు పెట్టడం, ఓపీ రద్దీ మొదలుకాకముందే పరీక్షలు ముగించడం అలవాటు చేసుకున్నాను. ఈ పనిలో మీకు ఆనందం దొరికితే రీసెర్చ్ మీ లైన్ అని నేను నమ్ముతాను. జన్యువులు, హార్మోన్లు అన్నీ దీని తర్వాతే.

ఇక "నడక మంచిదని అందరికీ తెలుసు" అన్న మాట. అది ఎట్లా తెలిసిందో చూడండి. లండన్ బస్సు ఉద్యోగుల మీద జెరెమీ మోరిస్ బృందం చేసిన పని 1953లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 35 నుంచి 64 ఏళ్ల మగవాళ్లు, దాదాపు 31,000 మంది. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగుతూ టికెట్లు ఇచ్చే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చింది. వచ్చినా పెద్ద వయసులో వచ్చింది. ఇంత ఫలితం చేతికొచ్చాక కూడా వాళ్లు ఊరుకోలేదు. అసలు లావుగా ఉండేవాళ్లే డ్రైవర్ ఉద్యోగంలో చేరుతున్నారేమో అని అనుమానించి, సంస్థ కుట్టించి ఇచ్చే యూనిఫారం ప్యాంట్ల నడుము కొలతలు తీసి చూశారు. చిన్న వయసు నుంచే డ్రైవర్ల నడుము కండక్టర్ల కంటే ఎక్కువ! అంటే గుండెజబ్బులో తేడా అంతా మెట్ల వల్లే అని చెప్పడానికి వీల్లేదన్నమాట. ఆ సంగతి కూడా 1956లో అదే పత్రికలో వాళ్లే ప్రచురించారు. ఆ రెండు పేపర్లూ నా విద్యార్థులందరితో చదివిస్తాను. సొంత ఫలితాన్ని ఇట్లా నిలదీసేవాళ్లంటే నాకు చాలా గౌరవం.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తరఫున చేసిన ఇండియాబ్ సర్వే లెక్క 2014లో వచ్చింది. 54.4 శాతం మందికి చాలినంత కదలిక లేదు. ఖాళీ సమయంలో వ్యాయామం చేసేవాళ్లు పది శాతం కూడా లేరు. అంటే మనవాళ్లలో ఎవరైనా కదులుతున్నారంటే ఎక్కువగా పని చేస్తూ కదులుతున్నవాళ్లే. మీ అమ్మగారినే తీసుకోండి. పేడ తీయడం, గడ్డి కోసి మోయడం, పాలు పిండడం, కేంద్రానికి పాలు పోసి రావడం. రేపు ఆమెకు షుగర్ అని తెలిస్తే డాక్టరు "రోజూ అరగంట వాకింగ్ చేయమ్మా" అంటారు. అప్పటికే ఆమె చేస్తున్న దానిలో ఎంత లెక్కలోకి వస్తుంది? ఇది చిన్న ప్రశ్న కాదు. కోపెన్‌హేగన్‌లో లక్ష మందికి పైగా జనాన్ని గమనించిన అధ్యయనం 2021లో వచ్చింది. ఖాళీ సమయంలో కదిలేవాళ్లకు గుండెపోటు, మరణం తక్కువ. పనిలో ఎక్కువ శ్రమ పడేవాళ్లకు ఎక్కువ! ఆ తేడా శ్రమ వల్లనా, పేదరికం వల్లనా, విశ్రాంతి దొరకనందువల్లనా అని ఇంకా వాదన నడుస్తోంది. డెన్మార్క్ ఫ్యాక్టరీ పనికీ మన పశువుల పాక పనికీ పోలిక ఎంత? ఇక్కడి మనుషుల్ని కొలిచి చూస్తే తప్ప ఎవరూ చెప్పలేరు.

కొలవడం కూడా అనుకున్నంత సులభం కాదు. చంద్రగిరి వైపు పల్లెల్లో ఆడవాళ్ల నడుముకు ఆక్సెలరోమీటర్ కట్టే పని నేను చేశాను. కదలికను కొలిచే అగ్గిపెట్టెంత యంత్రం, ఎలాస్టిక్ బెల్టు. వారం పాటు కట్టుకోమని ఇస్తాం. రోజుకు పది గంటల చొప్పున కనీసం నాలుగు రోజులు ఒంటి మీద ఉంటేనే ఆ రికార్డు వాడతాం. స్నానానికి తీసి కొక్కానికి తగిలించి మరిచిపోయేవారు, అందుకని పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి గుర్తుచేసేదాన్ని. అసలు చిక్కు డేటా దించుకున్నాక తెలిసింది. ఒకామె గ్రాఫ్‌లో తెల్లవారుజామున గంటసేపు గీత దాదాపు నేలకు ఆనుకుని ఉంది. ఆ గంటలో ఆమె ఆవుల పాలు పిండింది. కూర్చుని చేతులతో చేసే పని నడుము దగ్గరున్న యంత్రానికి అందదు. తల మీద గడ్డిమోపు ఉన్నా లేకున్నా దానికి అడుగు అడుగే. ఆ గీతను నమ్మి "కదలిక లేని మహిళ" అని రాస్తే ఆమెకు అన్యాయం చేసినట్టే. మిగిలిందేమిటని అడిగే మీ ఫ్రెండ్స్‌కు ఆ గ్రాఫ్ చూపించాలని ఉంది నాకు.

మీ నాయనగారి రెండు ప్రశ్నలకు ఉన్నదున్నట్టు చెబుతాను. ఎంపీటీ రెండేళ్లు. పీహెచ్‌డీకి యూనివర్సిటీల ఎంట్రన్స్ రాసి సీటు తెచ్చుకోవాలి, నాలుగైదేళ్లు పడుతుంది. ఫెలోషిప్ దొరికితే జూనియర్ ఫెలోగా (జేఆర్‌ఎఫ్) నెలకు 37,000, రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలోగా (ఎస్‌ఆర్‌ఎఫ్) 42,000, పైన ఇంటి అద్దె భత్యం. దొరక్కపోతే పొద్దున పాఠాలు చెప్పి సాయంత్రం థీసిస్ రాసుకోవాలి. అది కష్టం, దాచను. యూజీసీ స్కేలు ఇచ్చేచోట అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700తో మొదలవుతుంది. ప్రైవేటు కాలేజీల్లో అందులో సగం కూడా ఇవ్వనివి ఉన్నాయి. నాకు మొదటి ఉద్యోగం ఇచ్చిన కాలేజీలో ట్రెడ్‌మిల్ చెడిపోతే బాగుచేయించకుండా నెలల తరబడి గుడ్డ కప్పి ఉంచారు. కాబట్టి ఎక్కడ చేరబోయినా ముందే వెళ్లి ల్యాబ్ చూడండి, గైడ్ అచ్చు వేసిన పేపర్లు చదవండి, ఆయన దగ్గర చదివినవాళ్లు ఇప్పుడెక్కడ ఉన్నారో కనుక్కోండి. కాలేజీ పేరుకంటే ఇవే ముఖ్యం.

తిరుపతిలో ఉండే చేయగలరా అంటే, చాలావరకు చేయగలరు. స్విమ్స్‌లో ఫిజియోథెరపీ కాలేజీ ఉంది, ఎస్వీ మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ ఉంది, ఎస్వీ యూనివర్సిటీలో ఫిజికల్ ఎడ్యుకేషన్, ఆంత్రొపాలజీ ఉన్నాయి, పద్మావతి మహిళా యూనివర్సిటీలో హోమ్ సైన్స్ ఉంది. వీళ్లందరినీ ఒక పని మీద కూర్చోబెట్టడం మీ చేతిలో ఉంటుంది. స్టాటిస్టిక్స్, ఎపిడెమియాలజీ (జనంలో జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తాయో చూసే శాస్త్రం) గట్టిగా నేర్చుకోవడానికి మాత్రం కొన్నాళ్లు బయటికి వెళ్లిరండి. ప్రజారోగ్యం నేర్పే సంస్థలు హైదరాబాద్‌లో ఐఐపీహెచ్, త్రివేండ్రంలో అచ్యుత మీనన్ సెంటర్ ఉన్నాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్)లో స్పోర్ట్స్ న్యూట్రిషన్ కోర్సు ఉంది.

రిటైర్డ్ హెచ్ఎం, తిరుపతి:

అమ్మా, మీరు రాసింది శ్రద్ధగా చదివాను. నాదొక సందేహం. నేను చాలా ఏళ్లుగా అలిపిరి మెట్లెక్కుతున్నాను. షుగర్ అదుపులో ఉంది, బీపీ మాత్ర ఒక్కటే. నాతోపాటు ఎక్కే నలుగురైదుగురూ ఇంతే. కళ్లెదుట ఇంత రుజువుండగా మళ్లీ కొలతలు, యంత్రాలు ఎందుకు? మెట్లెక్కండని జనానికి చెబితే చాలదా?

పాకాల జంక్షన్:

సార్, మీకు మెట్లవల్ల మేలు జరిగిందనే నేనూ అనుకుంటున్నాను. ఆపకండి. అయితే మీ గుంపులో మొదట్లో ఎక్కి, మోకాళ్లు పట్టేసో ఆయాసం వచ్చో మానేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? వాళ్లు ఇప్పుడు మీ పక్కన లేరు కాబట్టి మీ లెక్కలోకి రారు. మూడున్నర వేల మెట్లు ఎక్కగలిగినవాళ్లనే కొండ మీద చూసి, మెట్లు ఎక్కితే ఆరోగ్యం అంటున్నాం. ఆరోగ్యం ఉంది కాబట్టే ఎక్కుతున్నారని ఇంకొకరు వాదిస్తే మన దగ్గర జవాబుండదు. మోరిస్‌కు ప్యాంట్ల కొలతలు అవసరమైంది ఇందుకే.

జవాబు కావాలంటే ఎవరు చేయాలో లాటరీ వేసి నిర్ణయించాలి. మన పక్కనే చెన్నైలో అట్లా చేశారు. షుగర్ అంచున ఉన్న 531 మందిని నాలుగు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు మామూలు సలహా, ఒకదానికి తిండి, నడక మార్పులు, ఒకదానికి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర, ఒకదానికి రెండూ. మూడేళ్లలో మామూలు గుంపులో 55 శాతం మందికి షుగర్ వచ్చింది, తిండి, నడక మార్చుకున్నవాళ్లలో 39.3 శాతానికి. బరువు పెద్దగా తగ్గకుండానే ఈ తేడా వచ్చింది. మాత్రలూ నడకా కలిపినవాళ్లకు అదనంగా ఏమీ ఒరగలేదు. 2006లో ఇది వచ్చాక మన డాక్టర్లు ధైర్యంగా నడక రాస్తున్నారు. ఇంకొక్క సంగతి: అప్పటికే ఒళ్లొంచి పనిచేసేవాళ్లను మీ పని మీరు కొనసాగించండి అన్నారు, కొత్త వ్యాయామం పెట్టలేదు. అందుకే మన పాడి మహిళల ప్రశ్న అట్లాగే మిగిలింది.

అందరినీ మెట్లెక్కమని చెప్పడం గురించి నాది గట్టి అభిప్రాయం. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు కాలినడకన కొండెక్కవద్దని టీటీడీ కూడా చెబుతూ ఉంటుంది. ఎప్పుడూ నడవని మనిషి మొక్కు తీర్చుకోవడానికని ఒక్కరోజే అంతా ఎక్కడం వేరు, మీలాగా ఏళ్ల తరబడి అలవాటు చేసుకున్నవాళ్లు ఎక్కడం వేరు. మొదటివాళ్లు ముందు డాక్టరును కలవాలి, తర్వాత కొన్ని వారాలు మట్టంగా ఉన్న దారిలో నడిచి సిద్ధం కావాలి.

ఫిజియాలజీ ట్యూటర్, చిత్తూరు:

పై జవాబుకు ఒక్కటే కలుపుతాను. మనుషుల మీద ట్రయల్ ఏది చేసినా ఎథిక్స్ కమిటీ అనుమతి ఒక్కటే చాలదు, ట్రయల్స్‌ను నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో ముందే రిజిస్టర్ చేయాలి. 2018 ఏప్రిల్ నుంచి, మొదటి మనిషిని చేర్చుకున్నాక వస్తే వాళ్లు తీసుకోరు. థీసిస్ హడావిడిలో దీన్ని మరిచి, తర్వాత పేపర్ పంపితే జర్నల్ తిప్పికొట్టిన పీజీలను చూశాను.

బంగారుపాళ్యం అమ్మాయి:

అక్కా, సార్, అందరికీ చాలా థ్యాంక్స్. కేస్ షీట్ తీసి చూశాను. రెండో ఆయనకు మధ్యలో బీటా బ్లాకర్ పెంచారు. రెండు పరీక్షలూ ఒకే కారిడార్‌లో జరిగాయో లేదో ఎక్కడా రాసి లేదు. మీరు రాసిన పాలు పిండే ఆమె సంగతి ఇంట్లో చదివి వినిపించాను. అమ్మ "మరి మాదంతా పని కాదంటారా" అని అడిగింది. నాయన మాత్రం ఏమీ మాట్లాడకుండా విన్నాడు. ఎంపీటీలో చేరితే దీని మీదే థీసిస్ చేయొచ్చా? రెండేళ్లలో అయ్యే పనేనా?

పాకాల జంక్షన్:

చేయొచ్చు. మొత్తం ప్రశ్న కాదు, అందులో ఒక ముక్క. పాడి పనిచేసే ఆడవాళ్ల గుండె వేగం, ఆక్సెలరోమీటర్ రికార్డు, మీరు పక్కన నిలబడి నిమిషం నిమిషానికి రాసుకునే నోట్స్, ఈ మూడింటినీ పోల్చండి. ఏ పనిని యంత్రం తక్కువగా చూపిస్తోందో, ఎంత తక్కువగా చూపిస్తోందో తేలితే అదే మంచి థీసిస్. షుగర్ వస్తుందా రాదా అన్న జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. దానికి ఏళ్లూ డబ్బూ కావాలి, అది పీహెచ్‌డీ తర్వాత.

యంత్రాలు కొనకండి, ఖరీదు ఎక్కువ. ముందే వాటితో పనిచేసిన డిపార్ట్‌మెంట్‌ను అడిగి తెచ్చుకోండి. గుండె వేగం చూసే ఛాతీ పట్టీలు ఆడవాళ్లకు కట్టాలంటే తోడుగా ఒక అమ్మాయి ఉండాలి, చాటుగా ఒక గది కావాలి. ఆ ఏర్పాటు ప్రపోజల్‌లోనే రాయండి, ఎథిక్స్ కమిటీ తప్పకుండా అడుగుతుంది. జూన్, జులై నెలల్లో డేటా పెట్టుకోవద్దు. తోతాపురి కోత, గుజ్జు ఫ్యాక్టరీల పని మొదలైతే ఇంట్లో ఎవరూ దొరకరు, దొరికినా అది వాళ్ల మామూలు రోజు కాదు. తెల్లవారుజామునా సాయంత్రమూ రెండు పూటలూ పాలు పిండే టైముకు మీరు అక్కడ ఉండాలి. సొంత ఊరు కాబట్టి మీకు ఆ సౌకర్యం ఉంది, బయటినుంచి వచ్చేవాళ్లకు లేదు.

అమ్మగారికి మాత్రం ఆమెది నూటికి నూరుపాళ్లు పనేనని నా మాటగా చెప్పండి. అయితే ఆ పని షుగర్‌ను ఎంతవరకు ఆపుతుందో చెప్పే లెక్క ఇంకా ఎవరి దగ్గరా లేదు. అందుకని ముప్పై దాటినవాళ్లకు చేసే షుగర్, బీపీ పరీక్షలు ఆమె కూడా మానకుండా చేయించుకోవాలి. ప్రపోజల్ మొదటి డ్రాఫ్ట్ రాశాక ఇక్కడే పెట్టండి. ఎంతమందిని తీసుకోవాలన్న లెక్క దగ్గర చాలామంది ఆగిపోతారు, అది నేను దగ్గరుండి చేయిస్తాను.